చేపవే నా జిల్లా

మా తెల్లబండ జిల్లా పుట్టినప్పుడు దానికి అన్నీ ఇచ్చారు, పాట ఒక్కటి తప్ప. కలెక్టరు ఆఫీసు ఇచ్చారు. దాని ముందు నీళ్లు లేని ఫౌంటెను ఇచ్చారు. జిల్లా పిట్టగా కొంగను, జిల్లా పువ్వుగా తుమ్మపువ్వును ప్రకటించారు. మంచి పిట్టలూ మంచి పువ్వులూ అప్పటికే వేరే జిల్లాలవాళ్ళు పట్టుకుపోయారు. పాటల సంగతీ అంతే. పాత జిల్లాను విడదీసినప్పుడు కుర్చీలు, బీరువాలు, జీపులు సమానంగా పంచారు గాని, పాటల్లో వచ్చే చెరువులన్నీ తమ వైపే ఉన్నాయని పాటలన్నీ వాళ్ళే ఉంచుకున్నారు.

ఏ సభలోనైనా పొరుగు జిల్లాలవాళ్ళు లేచి తమ పాట పాడుకుంటుంటే మా కలెక్టరు గారు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చేది. అది ఆయనకు నామర్దాగా తోచింది. ముందు కవులకు చెప్పారు. కవులు రాసుకొచ్చారు. ఒకాయన పాటలో సగటు వర్షపాతం ఉంది. ఇంకొకాయన మండలాల పేర్లన్నీ ప్రాసలో బిగించాడు. అవి వినిపించిన సభలో కలెక్టరు గారి గన్‌మన్ నిలబడే నిద్రపోయాడని చెప్పుకున్నారు.

అప్పుడు ఈ పని ప్రత్యేకాధికారి విద్యాధరరావు గారి మీద పడింది. ఆయన అంతకుముందే ప్రభుత్వ ఖర్చు మీద ఐర్లాండు అనే దేశం వెళ్లొచ్చారు. వెళ్లింది బంగాళాదుంపల సాగు చూడటానికి. అక్కడ ఎప్పుడూ వానే కనుక పొలానికి పోలేక, సాయంత్రాలు ఒక పల్లెటూరి సారాకొట్టులో కూర్చున్నారట. అక్కడి జనం తమ జిల్లా మీద పాట వెనక పాట అందుకున్నారట. బురదనేల, రాళ్లగోడలు, ముసురు, ఆ జిల్లాలో ఉన్నవి ఇవే. వాటినే పాడుకుని మగవాళ్ళు వలవల ఏడ్చారట. ఈ పాటలు ఎవరు కట్టారని ఈయన అడిగితే, ఓడెక్కి వెళ్లిపోయినవాళ్ళు అన్నారు. మరి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు ఏం కట్టారంటే, గోడలు అన్నారు.

ఆ మాట పట్టుకుని విద్యాధరరావు గారు నివేదిక రాశారు. "స్థలాభిమాన గీతోత్పత్తికి ముడిసరుకు ఎడబాటు. జిల్లాలో నివసించడమే జిల్లా గీతానికి ప్రధాన అవరోధం. కావున ఎంపిక చేసిన పౌరులను జిల్లా వెలుపలికి తరలించి, వారియందు బెంగను ప్రభుత్వ పర్యవేక్షణలో పెంపొందించవలెను." కలెక్టరు గారు ఆమోదించారు. దానికి బెంగ పథకం అని పేరు పడింది.

మా ఊరు చెలిమగూడేనికి విద్యాధరరావు గారు స్వయంగా వచ్చారు. పంచాయతీ ఆఫీసు మెట్ల మీద నిలబడి, "బెంగ అనేది సహజ వనరు తల్లీ. బొగ్గు లాంటిది. లోపలే ఉంటుంది. మనం వెలికి తీయాలి" అన్నారు.

నాతో నాట్లకు వచ్చే గాలవ్వ నోరు ఊరుకోదు. "మా పెద్దోడు బొంబాయిల కట్టడం పనికి పోయిండు సారూ. పండుగొస్తే ఫోన్ల ఏడుస్తడు. ఊర్ల సగం ఇండ్లకు తాళాలే. గా ఏడుపులు ఏరుకున్నా మీకు శాన పాటలైతయి."

"అది ప్రైవేటు బెంగ అమ్మా" అన్నారాయన ఓపికగా. "వాళ్ళు ఎవరి ఉత్తర్వుతో వెళ్లారు? ఎవరు మంజూరు చేశారు? అనధికారికంగా పుట్టిన బెంగకు ప్రభుత్వం బాధ్యత వహించజాలదు."

పాట కట్టిన మనిషే తన చేత్తో రాసి ఇవ్వాలని నిబంధన. మా ఊళ్ళో పాటలు వచ్చిన ఆడవాళ్ళకు రాత రాదు, రాత వచ్చినవాళ్ళకు పాట రాదు. మా ఆయన పోయాక సంఘం వాళ్ళ రాత్రిబడిలో నేను అక్షరాలు దిద్దుకున్నాను. అది ఇలా మెడకు చుట్టుకుంటుందనుకోలేదు.

"మా నాంచారవ్వకు రెండూ వచ్చు" అని గాలవ్వ నన్ను ముందుకు నెట్టింది. నెట్టి నవ్వింది. వంత పాడటానికి కూడా ఒకరు కావాలని ఆయన అనేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

నేను రానన్నాను. నా బర్రె చూడితో ఉంది. పోయిన ఈతలో దూడ కాలు మడతపడి లోపలే చచ్చిపోయింది. నేను పక్కనే ఉండి రాత్రంతా పట్టుకుంటే బర్రె మాత్రం దక్కింది. ఇంటికి ఆధారం అదొక్కటే. అది ఇంకెవరినీ దగ్గరికి రానివ్వదు. నా పాట వింటేనే చేపుతుంది. పాలు పొదుగులోంచి రొమ్ములకు దిగడాన్ని మేము చేపడం అంటాం. పాట లేకపోతే ఎంత లాగినా చుక్క రాలదు, పైగా తన్నుతుంది.

"ఎప్పుడు ఈనుతుంది?" అన్నారు విద్యాధరరావు గారు.

"అమాస దాటినంక సారూ."

"అప్పటికి మీరు పాట ఇచ్చేస్తారు. పాట రాగానే ఇల్లు. మేము మాత్రం మిమ్మల్ని ఉంచుకుని ఏం చేసుకుంటాం?"

తోటికోడలు అనసవ్వకు కుడితీ గడ్డీ అప్పగించి వ్యానెక్కాను. బర్రె గుంజ చుట్టూ తిరుగుతూ అరిచింది. విద్యాధరరావు గారు ఆ అరుపు విని, "బెంగ మొదలైంది" అని పక్కనున్న గుమస్తాతో రాయించారు.

బెంగ శిబిరం పొరుగు జిల్లాలో, సరిహద్దు దాటగానే ఉన్న ఒక ఫంక్షన్ హాలులో పెట్టారు. ఊరికి ఇద్దరు చొప్పున మా జిల్లా ఆడవాళ్ళందరం చేరాం. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పూ గుడ్డూ, ఆదివారం కోడికూర. తల మీద ఫ్యాన్లు. నాట్లు లేవు, కలుపులు లేవు, మొగుళ్ళు లేరు. ఒక్కరికీ బెంగ కలగలేదు. కొందరికి బుగ్గలు వచ్చాయి. నేను ఒక్కదాన్నే గుడ్డు కూడా సయించక కూర్చునేదాన్ని.

రోజూ సాయంత్రం బెంగ పరిశీలకులు వచ్చి అడిగేవారు.

"ఈరోజు ఏడ్చారా?"

"లేదు సారూ."

"కనీసం నిట్టూర్చారా?"

"తిన్నంక ఒకపారి."

వారం తిరిగేసరికి గాలవ్వ ఒక పాట కట్టింది. నిజంగా మనసులోంచి వచ్చిన పాట. గిరగిర తిరిగే ఫ్యానమ్మను, తొడముక్క వేసిన వంటాయన చేతిని పొగిడి, ఇంటికాడ ఏమున్నదని, పొయ్యి, పొగ, పొగలో మొగుడు అని ముగించింది. హాలంతా చప్పట్లు కొడుతూ వంత పాడింది. ఆ చప్పుడు వీధిలోకి వెళ్లింది. మర్నాటికి పొరుగు జిల్లా అధికారులు వచ్చి ఆ పాట తమ గడ్డ మీద పుట్టింది కనుక తమదేనని రాయించుకుపోయారు. వాళ్ళకు అప్పటికే పాటలు బోలెడు. మా నుంచి ఇంకొకటి పోయింది.

విద్యాధరరావు గారు తెల్లబోయి వచ్చారు. "సౌకర్యమే బెంగకు శత్రువు" అని కొత్త ఉత్తర్వు చదివారు. ఫ్యాన్లు ఆపేశారు. కోడికూర ఆపేశారు. హాలు కిటికీలోంచి మా జిల్లాకు పేరిచ్చిన తెల్లబండ గుట్ట కనిపిస్తోందని, కనిపించేదాని మీద బెంగ పుట్టదని దానికి పరదా కట్టారు. గాలవ్వను వేరే గదిలో కూర్చోబెట్టి ఊరిని తలుచుకోమన్నారు. ఆమె తలుచుకుని నిద్రపోయింది.

ఆ రోజుల్లోనే అనసవ్వ ఫోను చేసింది.

"అక్కా, పొదుగు దిగింది. తోక పక్కల గుంటలు పడ్డయి. మేత ముడుతలేదు. నేను దగ్గరికి పోతే కొమ్ములు చూపిస్తున్నది. పోయినసారి లెక్కనే కాలు అడ్డం పడ్డదేమో, నాకైతే భయమైతున్నది. నువ్వు రాకపోతే ఈసారి తల్లి కూడ దక్కదక్కా."

నేను ఫోను పెట్టేసి ఏడ్చాను. పరిశీలకులు పరిగెత్తుకొచ్చారు. ఒకరు కుర్చీ వేశారు, ఒకరు తువ్వాలు ఇచ్చారు, ఒకరు విద్యాధరరావు గారికి కబురు పెట్టారు. ఆయన వచ్చి నా ముందు గౌరవంగా నిలబడ్డారు.

"సారూ, నన్ను ఇంటికి పంపుండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

"ఎలా పంపగలను తల్లీ? ఇప్పుడే కదా మీకు బెంగ పట్టింది. ఇల్లు చేరితే అది పోతుంది. ప్రభుత్వ వనరును నష్టపరిచినట్టవుతుంది."

"మరి బెంగ లేనోళ్ళనన్న పంపుతరా?" అని లోపలి గది నుంచి గాలవ్వ అరిచింది.

"వారికింకా రాలేదు కనుక వారిని పంపడం కుదరదు."

"ఉన్నోళ్ళు ఉన్నదని పోవద్దు, లేనోళ్ళు లేదని పోవద్దు. ఇంక ఎవలు పోతరు సారూ?"

విద్యాధరరావు గారు ఫైలు తిరగేశారు. "పథకంలో తిరుగు ప్రయాణానికి పద్దు ఉంది. దాన్ని ఎవరు వాడాలో మార్గదర్శకాలు ఇంకా రాలేదు" అన్నారు.

పొద్దు వాలింది. అది పాలు పితికే వేళ. ఊళ్ళో ఉంటే ఆ వేళకు నా చేతిలో చెంబు ఉంటుంది. ఊరికే ఉండలేక ఖాళీ చేతులు ఒళ్ళో కదుపుతూ నా పాట నేను పాడుకున్నాను. ఎప్పుడూ పాడేదే, పరాయి గడ్డ మాటలు మాత్రం అప్పుడు కలిశాయి.

నల్లనల్లని దాన, నా బర్రె
నాలుగు రొమ్ముల దాన, నా బర్రె
ఏ నీడ పంటివో, నా బర్రె
ఏ నీళ్లు తాగితివో, నా బర్రె
కొమ్ముల నడుమ సుడి ఉన్నదానా
కోపాన తన్నినా నాదానివే
పరాయి గడ్డన నేను పాడుతుంటె
చేపవే, చేపవే, నా బర్రె

హాలులో ఒక్కొక్కరే వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. ఎవరికి ఎవరు గుర్తొచ్చారో గాని అందరూ కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. గాలవ్వ గది తలుపు నెట్టుకుని వచ్చి, "నా కొడుకు అన్నం తిన్నడో లేదో" అంది. అప్పటిదాకా కోడికూర గురించే మాట్లాడిన మనిషి. తలుపు దగ్గర విద్యాధరరావు గారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆయనది ఏటి ఒడ్డు ఊరట, ఆ ఊరు వదిలి ఉద్యోగంలో ఎన్నో జిల్లాలు తిరిగారట. "మా అమ్మకూ ఒక గేదె ఉండేది" అని చెప్పి, వెంటనే అధికారి అయిపోయి, "ఇదే. ఇదే మనకు కావలసింది. కాని ఇందులో ఒక గేదె ఉంది" అన్నారు.

కలెక్టరు గారు పెద్ద అధికారులందరితో మర్నాడే ఫంక్షన్ హాలుకు వచ్చారు. నా చేత పాడించారు. రాయించారు. తరువాత చర్చ మొదలైంది.

"జిల్లా వైభవాల ఆమోదిత పట్టికలో బర్రె లేదు" అన్నారు ఒకరు.

"తీసేసి జిల్లా అని పెడదాం" అన్నారు విద్యాధరరావు గారు. "తాళం తప్పదు. నేను రాత్రంతా పాడి చూసుకున్నాను."

"నల్లనల్లని దాన, నా జిల్లా" అని కలెక్టరు గారు మెల్లగా అనుకుని చూశారు.

"నల్లరేగడి సార్. నేలల స్వభావాన్ని సూచిస్తుంది" అన్నారు వ్యవసాయాధికారి.

"ఆ నాలుగు..." అని కలెక్టరు గారు ఆగారు.

"నాలుగు రెవెన్యూ డివిజన్లు సార్. సరిగ్గా సరిపోయాయి."

"తన్నడం?"

"ప్రజల పోరాట స్ఫూర్తి సార్."

"ఈ చేపవే, చేపవే అనేది?"

నేను చెప్పాను, పొదుగులోంచి పాలు కిందికి దిగడమని. ఖజానా అధికారి, అంతవరకు మాట్లాడనివాడు, కళ్ళు తుడుచుకుని, "నిధుల విడుదల సార్. దీన్ని మాత్రం ముట్టుకోవద్దు" అన్నాడు.

పాట ఆమోదం పొందింది. బర్రె ఎక్కడా మిగల్లేదు. నాకు శాలువా కప్పారు. నేను శాలువా మడిచి చేత్తో పట్టుకుని, "ఇంక పోత సారూ. వ్యాను పెట్టియ్యుండ్రి" అన్నాను.

"ఆవిష్కరణ దాకా ఉండాలి" అన్నారు కలెక్టరు గారు. "ఆ రోజు మీరే పాడాలి. బెంగ తగ్గితే గొంతులో ఆ జీర రాదు."

అప్పుడు మళ్ళీ ఫోను మోగింది. అనసవ్వే. ఉమ్మనీరు పోయిందట, దూడ రాలేదట, బర్రె పడుకుని లేవడం లేదట. నేను లేచి నిలబడ్డాను. నాకేమీ ఉపాయాలు తెలియవు. నోటికి వచ్చింది అన్నాను.

"సారూ, పాట అయిపోలేదు. ఆఖరు చరణం ఉన్నది. నా బర్రె బతికితే ఒక తీరు వస్తది, సస్తే ఒక తీరు వస్తది. సచ్చినంక నేను పాడేది ఏడుపు పాటనే. మా దిక్కు పశువు సస్తె పేరు పెట్టి పాడుకుంట ఏడుస్తం. మీరు బర్రె తీసి జిల్లా పెట్టుకున్నరు. ఇగ మీ ఇష్టం."

అధికారులు పెన్నులు పట్టుకుని ఆ మాట మనసులో రాసుకుని చూశారు. సచ్చిపోతివా, నా జిల్లా. పాడె మీద పండితివా, నా జిల్లా. మొదట కదిలింది రెవెన్యూ అధికారి. "జిల్లా మరణించే చరణం ఆమోదయోగ్యం కాదు సార్. పొరుగు జిల్లావాళ్ళు దీన్నే పాడతారు."

కలెక్టరు గారు లేచారు. "బర్రెను ఏ విధంగానూ చావనివ్వరాదు. ఇది జిల్లా ప్రతిష్ఠకు సంబంధించిన విషయం."

అలా నేను కలెక్టరు గారి కారులో ముందు సీట్లో కూర్చుని, సైరను మోగుతుండగా మా ఊరు వెళ్లాను. వెనక సీట్లో గాలవ్వ, విద్యాధరరావు గారు. ఆ వెనక జీపులో పశువుల డాక్టరు, ఆ వెనక ఎందుకైనా మంచిదని అగ్నిమాపక బండి. ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళందరూ ఏదో పెద్ద చావు జరిగిందనుకుని బయటికి వచ్చారు.

బర్రె కొట్టంలో పక్కకు ఒరిగి పడుకుంది. కళ్ళు తేలేసింది. నన్ను చూసి చెవి కదిపింది. నేను తల ఒళ్ళో పెట్టుకుని పాట అందుకున్నాను. డాక్టరు చొక్కా విప్పి భుజం దాకా చేయి పెట్టి, "కాలు మడతపడింది. దాన్ని కదలనివ్వకండి, పాడుతూనే ఉండండి" అన్నాడు. నా గొంతు బొంగురుపోయినప్పుడల్లా గాలవ్వ అందుకుంది. ఆమె ఆయాసపడినప్పుడు గోడ అవతల నుంచి ఎవరో మగ గొంతు అందుకుంది. చూస్తే విద్యాధరరావు గారు. ఆయన కూడా బర్రె అనే పాడుతున్నారు.

బాగా పొద్దుపోయాక డాక్టరు కాలు సరిచేసి లాగాడు. పెయ్యదూడ. ముక్కులో జిగురు తీసి గడ్డితో రుద్దితే తుమ్మింది. బర్రె మెల్లగా లేచి దాన్ని నాకింది. నేను పొదుగు కింద చేయి పెట్టాను. చేపింది.

ఆఖరు చరణం అక్కడే వచ్చింది. ఈనింది, ఈనింది, నా బర్రె. ఇంటి ముందు పెయ్యదూడ ఆడింది, నా బర్రె. విద్యాధరరావు గారు రాసుకున్నారు. ఆయనకు జున్ను పెట్టి పంపించాను.

తరువాత జరిగింది మీరు వినే ఉంటారు. "ఈనింది, ఈనింది, నా జిల్లా" అని అధికారికంగా ఉన్నందున, గీతానికీ వాస్తవానికీ వైరుధ్యం ఉండరాదని, మా జిల్లా కడుపులోంచి ఒక కొత్త రెవెన్యూ డివిజను తీశారు. దాంతో రొమ్ములు ఐదయ్యాయి. పాట మార్చాలా, డివిజను మార్చాలా అని ఇప్పటికీ కమిటీ కూర్చుంటోంది.

జిల్లాలో ఉండి పాడితే పాటలో జీర రావడం లేదని మరో ఉత్తర్వు వచ్చింది. అందుకని సరిహద్దుకు దగ్గరున్న బళ్ళ పిల్లలను రోజూ పొద్దున్నే అవతలికి నడిపించుకెళ్లి, అక్కడ నిలబెట్టి, ఇటు తిరిగి పాడించి, మళ్ళీ తీసుకొస్తున్నారు. పొరుగు జిల్లావాళ్ళు కూడా తమ పిల్లలను ఇటు తెస్తున్నారు. దారిలో ఎదురైనప్పుడు పిల్లలు పాటలు మార్చుకుంటున్నారు. మావాళ్ళకు గాలవ్వ ఫ్యాను పాట బాగా నచ్చింది.

విద్యాధరరావు గారు తన సొంత జిల్లాకు బదిలీ పెట్టుకున్నారు. కారణం అనే చోట బెంగ అని రాశారట. అది ప్రైవేటు బెంగ అని తిరస్కరించారు.

మొన్న సాయంత్రం కలెక్టరు ఆఫీసు అటెండరు నా కొట్టం దగ్గరికి వచ్చాడు. వయసులో చిన్నవాడు, మొహమాటస్తుడు. నోటీసు ఇవ్వలేక చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"అవ్వా, నీ మీద ఫిర్యాదు వచ్చింది. జిల్లా గీతాన్ని నువ్వు పశువుల కొట్టంల పాడుతున్నవట. పాడినా పాడు గని, జిల్లా అని ఉన్నకాడ బర్రె అంటున్నవట. అది అవమానం కిందికి వస్తదట."

"ముందుగాల బర్రెనే కద బిడ్డా ఉన్నది."

"ఉంటే ఉన్నదేమో. ఇప్పుడు లేదు. ఇంకొకటున్నదవ్వా. గీతం వచ్చేటప్పుడు అందరు లేచి నిలబడాలె. నువ్వు పీట మీద కూసొని పాడుతున్నవట."

"నిలబడి పాలెట్ల పిండుతరు?"

అతను నోటీసు విప్పి వెతికాడు. ఉత్తర్వులో దాని గురించి లేదన్నాడు. చెంబెడు పాలు పోసిస్తే తాగి, ఆ నోటీసు చూరులో దోపి వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతోంది. దూడను విప్పి ఒక గుక్క తాగనిచ్చి పక్కకు కట్టాను. పీట వేసుకుని కూర్చుని, చెంబు మోకాళ్ళ నడుమ పెట్టుకుని, చేపవే, చేపవే అని మొదలుపెట్టాను. ఉత్తర్వు తప్పినట్టే గాని పూర్తిగా తప్పినట్టు కాదు. నేను కూర్చునే ఉన్నాను. నా బర్రె మాత్రం పాట అయ్యేదాకా కదలకుండా నిలబడింది.